మిగిలిన లాభంతో ఊరికి వాటర్ ప్లాంటా, ముందు వర్కర్లకు ఈఎస్ఐనా?

మార్చి దగ్గరపడితే చాలు, మా ఆటోనగర్ చుట్టుపక్కల చిన్న యూనిట్లు నడిపే మిత్రులు ఒకటే అడుగుతారు. "ఈ ఏడు నాలుగు డబ్బులు మిగిలాయి. జనానికి పనికొచ్చేది ఏదైనా చేద్దామనుంది. ఊళ్లో వాటర్ ప్లాంట్ పెట్టమంటావా, బడికి బెంచీలు కొనమంటావా, ఏదైనా ట్రస్టుకి ఇవ్వమంటావా?" అని. ఆ లిస్టుకి నేను ఇంకోటి కలుపుతాను. మన వర్కర్లకి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), పీఎఫ్ దొంగలెక్క లేకుండా కట్టడం, మనకి సరుకిచ్చే చిన్నవాళ్ల బిల్లులు గడువులో తీర్చడం. అది మామూలు ఖర్చే కదా, సేవ ఎలా అవుతుంది అంటారు. రెండూ చేసి చూశాను కాబట్టి రాస్తున్నాను.

మాది అట్టపెట్టెల యూనిట్. నూజివీడు మామిడి సీజన్ బాగా నడిచిన ఒక ఏడాది మా ఊళ్లో ఆర్వో ప్లాంట్ పెట్టించాను. షెడ్డుతో కలిపి 4 లక్షలు దాటింది. 20 లీటర్ల క్యాను 5 రూపాయలు. తెల్లారేసరికి సైకిళ్లకి క్యాన్లు తగిలించుకుని జనం బారులు తీరేవాళ్లు. చూస్తుంటే కడుపు నిండిపోయేది. తర్వాత నీళ్లు వడగట్టే మెంబ్రేన్లు మార్చే టైమ్ వచ్చింది. సరిగ్గా అప్పుడే మా సరుకు కొనే ఓ పెద్ద పార్టీ మా డబ్బు ఆపేసింది. మెంబ్రేన్లకి డబ్బు పంపలేకపోయాను, ఆపరేటర్‌కి రెండు నెలలు జీతం అందలేదు. అతను ఇంకో పని చూసుకున్నాడు. షట్టర్‌కి తాళం పడింది.

ఊరివాళ్లు నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎలా అంటారు? అది నేను ఇష్టపడి ఇచ్చింది. నాకు ఏది మేలో తేల్చి చెప్పింది ఆ మౌనమే. మనం ఆపేస్తే అవతలి మనిషి "ఎందుకు ఆపావు" అని అడగగలగాలి. అడిగే వీలు లేని మంచిపని మన లాభం ఉన్నన్నాళ్లే ఉంటుంది.

ఇక ఈఎస్ఐ. మా దగ్గర 16 మంది. పదిమంది ఉంటే ఈఎస్ఐ తప్పనిసరి కాబట్టి కొందరిని మా వర్కర్లు కాదన్నట్టు జాబ్ వర్క్ కింద చూపి లెక్క పది లోపు ఉంచేవాణ్ని. చుట్టూ అందరూ చేసేదే అయినా అది తప్పు. ఆ రోజుల్లో పేస్టింగ్ టేబుల్ దగ్గర పనిచేసే ఒకావిడ, భర్తకి ఆపరేషనని అడ్వాన్సు కోసం వచ్చింది. వేళ్లకి ఎండిన జిగురు, ఆ వేళ్లతోనే కొంగు చివర మెలిపెడుతూ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పదివేలు ఇచ్చాను. ఆ నెలంతా నేను కనిపిస్తే తల దించుకునేది.

తర్వాత అందరినీ ఈఎస్ఐలో చేర్చాను. 14,000 జీతం మీద మన వాటా 3.25 శాతం, అంటే 455 రూపాయలు. వర్కర్ వాటా 105. సగటున అంతే జీతమనుకుంటే 16 మందికి ఏడాదికి దాదాపు 87,000. ప్లాంటుకి పెట్టిన డబ్బుతో నాలుగేళ్లకి పైగా కట్టొచ్చు. దానికి ఇంటిల్లిపాదికీ వైద్యం, జబ్బుచేసి రాలేకపోతే ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం జీతం. మొదట్లో ఆధార్‌లో పేరు ఒకటి, మా రిజిస్టర్‌లో ఇంకొకటి ఉండి తిరుగుడు తప్పలేదు. కిందటేడు ఆవిడకే టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలకి తిరిగొచ్చి, "సార్, నా సెలవు డబ్బులు ఇంకా పడలేదు. మీరు పంపాల్సిన కాగితం పంపారా?" అని గట్టిగానే అడిగింది. గుమ్మం దగ్గర కాదు, నా టేబుల్ ముందుకొచ్చి. ప్లాంటు ముందు బారులు చూసినప్పటికన్నా ఎక్కువ సంతోషం వేసింది నాకు.

పీఎఫ్ 20 మంది ఉంటేనే తప్పనిసరి. తక్కువున్నా ఇష్టపడి చేరొచ్చు.

"మరి పెద్ద కంపెనీల సీఎస్ఆర్‌లో (సామాజిక బాధ్యత ఖర్చులో) ఇవేవీ ఉండవేం?" అని ఒకాయన అడిగారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి), 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద పెట్టాలి. సొంత ఉద్యోగుల కోసమే చేసే ఖర్చు అందులోకి రాదు. నిజమే. కానీ ఎందుకు రాదు? అది ఎటూ ఇవ్వాల్సిందే కాబట్టి. మనం మాత్రం ఇవ్వాల్సింది ఎగ్గొట్టి, ఫొటోలో పడేది మొదలుపెడుతున్నాం.

సరుకిచ్చినవాళ్ల విషయమూ ఇంతే. చిన్న పరిశ్రమల కోసం ఉన్న ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లుకి రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. 2023-24 నుంచి గడువు దాటిన బిల్లుని ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలి. ఇన్ని ఉన్నా ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ, ఆర్డర్ పోతుందన్న టెన్షన్. మా డబ్బు నాలుగు నెలలు ఆపిన ఆ పార్టీ అదే ఏడాది ఒక బడికి రంగులు వేయించి గోడ మీద పేరు రాయించుకుంది. ఆ రంగుల్లో మా ఆపరేటర్ జీతం కూడా ఉందనిపించింది నాకు.

ట్రస్టుకి ఇవ్వడం మంచిదే, లెక్కలు చూసి ఇవ్వండి. మొక్కలు, రక్తదాన శిబిరాలు ఎలాగూ చేస్తుంటారు, చేయండి.

వాటర్ ప్లాంటే పెట్టాలని మనసుంటే, ముందు మీ టేబుల్ మీద 45 రోజులు దాటిన బిల్లులు తీర్చేయండి. తర్వాత మూడేళ్ల మెంబ్రేన్లు, కరెంటు, ఆపరేటర్ జీతం లెక్కగట్టి, ఆ డబ్బు విడిగా బ్యాంకులో వేశాకే షెడ్డుకి కొబ్బరికాయ కొట్టండి. మా ఊరి ప్లాంటు తాళం ఈ వేసవిలో తీయించాను. ఈసారి ఖాతా ఊళ్లో నలుగురి పేరు మీద ఉంది. డబ్బు తగ్గితే వాళ్లే నాకు ఫోన్ చేసి అడుగుతారు.