ఇంటి థియేటర్‌లో బేస్: ఒక పెద్ద సబ్‌వూఫరా, రెండు మధ్యరకానివా, నాలుగా? ఏది మేలు?

మణికొండలోని మా ఫ్లాట్‌లో ఒక పడకగదిని సినిమా గదిగా మార్చుకున్నాము. దాని పొడవు 5 మీటర్లు, వెడల్పు 3.6 మీటర్లు. తెర పక్కన మూలలో 12 అంగుళాల సబ్‌వూఫర్ (లోతైన బేస్ శబ్దాల కోసమే ఉండే స్పీకర్) ఒకటి పెట్టి మొదటి సినిమా చూసిన రాత్రి, వెనక గోడకు ఆనించిన సోఫాలో కూర్చున్న మాకు బేస్ భరించలేనంతగా మోగింది. గది నడుమ కుర్చీలో కూర్చున్న అమ్మకు మాత్రం అదే సన్నివేశం చప్పగా వినిపించింది. సబ్‌వూఫర్‌లో లోపమేమీ లేదు. తేడా అంతా గదిలోనే ఉంది.

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, 5 మీటర్ల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల నడుమ 34 హెర్ట్జ్ దగ్గర మొదటి స్థిర తరంగం (గోడలకు తగిలి అటూ ఇటూ తిరిగే ధ్వని ఒకే చోట నిలిచినట్టుండే అల) ఏర్పడుతుంది. దాని పీడనం గోడల దగ్గర అత్యధికంగా, గది నట్టనడుమ దాదాపు సున్నాగా ఉంటుంది. వెడల్పు వైపు ఇదే పని 48 హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది. పైగా మన ఊరి ఫ్లాట్లలో గోడలు ఇటుకతోనో కాంక్రీటుతోనో కట్టినవి. పల్చని జిప్సం బోర్డు గోడల్లాగా అవి బేస్‌ను పీల్చుకోవు, బయటికీ పోనివ్వవు. అందువల్ల ఈ హెచ్చుతగ్గులు ఇక్కడ మరింత బలంగా ఉంటాయి.

ఒకే పెద్ద సబ్‌వూఫర్‌తో శక్తికి కొదవ ఉండదు, వైరింగ్ సులభం, స్థలమూ కలిసి వస్తుంది. ఒక్కరే ఒకే కుర్చీలో కూర్చుని చూసేవారికి అది చాలు. అయితే ఈక్వలైజర్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ స్థాయిని విడివిడిగా పెంచి, తగ్గించే సాధనం) ఎక్కువైన చోట తగ్గించగలదే గాని, స్థిర తరంగం వల్ల శబ్దం మాయమైన చోట దాన్ని తిరిగి తేలేదు; అక్కడ ఎంత పెంచినా ఆంప్లిఫయర్ శక్తి వృథా కావడం, మిగతా కుర్చీల్లో రొద పెరగడం తప్ప ఫలితముండదు.

రెండు పెట్టాలనుకున్నవారు ఎక్కువగా తెరకు అటూ ఇటూ ముందు మూలలనే ఎంచుకుంటారు. చూడటానికి పొందికగా ఉంటుంది, కేబుల్ కూడా దగ్గరే. ఎదురెదురు పక్క గోడల దగ్గర నుంచి ఒకే శబ్దం వస్తుంది కాబట్టి 48 హెర్ట్జ్ తరంగం రద్దయి, ఒకే వరుసలో కూర్చున్నవారందరికీ బేస్ దాదాపు ఒకేలా వినిపిస్తుంది. కానీ పొడవు వెంట ఏర్పడే 34 హెర్ట్జ్ తరంగాన్ని రెండూ కలిసి మరింత రెచ్చగొడతాయి. మా గదిలో అమ్మ కుర్చీకి దీనివల్ల మేలేమీ జరగలేదు.

అవే రెండింటిలో ఒకటి ముందు గోడ నడిమిలో, రెండోది వెనక గోడ నడిమిలో పెడితే విషయం మారిపోతుంది. పొడవు తరంగానికి ముందు గోడ, వెనక గోడ వ్యతిరేక పీడనపు చివరలు కనుక రెండు సబ్‌వూఫర్ల ప్రభావం ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. వెడల్పు తరంగానికి పీడనం లేని బిందువులోనే రెండూ ఉంటాయి కాబట్టి అదీ లేవదు. ఒక్క అమరికతో రెండు జబ్బులు కుదిరినట్టే. నా ఓటు దీనికే. మూలల బలం లేకపోవడంతో 34 హెర్ట్జ్ చుట్టుపక్కల గర్జన కొంత తగ్గుతుంది, 69 హెర్ట్జ్ దగ్గర రెండో తరంగం మిగిలే ఉంటుంది. కానీ రెండు సబ్‌వూఫర్లు ఒకే ఫేజ్‌లో, అంటే అలల ఎత్తుపల్లాలు ఒకేసారి వచ్చేలా, కలిసిన చోట 6 డెసిబెళ్ల దాకా అదనపు శబ్దం దొరుకుతుంది, మిగిలిన ఎత్తును ఈక్వలైజర్ దించగలదు. వెనక గోడ దాకా కేబుల్ స్కర్టింగ్ వెంట లాక్కుపోవడమే ఇందులో శ్రమ.

ఇక నాలుగు. హర్మన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టి 2002లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సభకు సమర్పించిన పత్రంలో, దీర్ఘచతురస్రాకార గదుల్లో నాలుగు గోడల నడిబిందువుల అమరిక చాలా మంచి ఫలితమిచ్చిందని, ఎదురెదురు నడిబిందువుల్లో రెండు పెట్టినా దానికి దగ్గరగా వచ్చిందని, నాలుగుకు మించితే చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చారు. మన పడకగదుల్లో ఒక గోడ నడుమ తలుపో, బీరువానో, బాల్కనీ అద్దమో ఉంటుంది. కాబట్టి రెండు వరుసల సీట్లున్న ప్రత్యేక గది కట్టుకునేవారు తప్ప మిగతావారు నాలుగింటికి ఖర్చు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

ముందు, వెనక అమరికను ఎంచుకున్నవారు ఒక్కటి మరువకూడదు. రద్దు జరగాలంటే రెండూ ఒకే మోడల్ అయి, ఒకే స్థాయిలో, ఒకే ఆలస్యంతో ఒకే సిగ్నల్‌ను అందుకోవాలి. కొన్ని రిసీవర్లు (స్పీకర్లన్నిటికీ సిగ్నల్ పంచే ఆంప్లిఫయర్ పెట్టెలు) సోఫాకు దగ్గరగా ఉన్న వెనక సబ్‌వూఫర్‌కు విడిగా ఆలస్యం చేరుస్తాయి; అప్పుడు పొడవు తరంగం మళ్లీ తలెత్తుతుంది. రెండింటినీ ఒకే యూనిట్‌గా లెక్కించి, క్రాసోవర్‌ను (ఏ ఫ్రీక్వెన్సీకి దిగువన ఉన్న శబ్దం సబ్‌వూఫర్‌కు వెళ్లాలో నిర్ణయించే హద్దును) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచి, మైక్‌తో ప్రతి కుర్చీ దగ్గరా కొలిచిన తరువాతే ఈక్వలైజర్ జోలికి వెళ్లాలి.