స్టాక్‌హోమ్‌లో దుప్పట్లకి వేరే బిల్లు: మూడు రాజధానుల యాత్ర

స్కాండినేవియా వెళ్తున్నామంటే చాలు, "కాఫీకి ఐదొందలు, భోజనానికి మూడు వేలు, జాగ్రత్త" అని భయపెట్టేవాళ్ళే అందరూ. నిజమే, రేట్లు అలాగే ఉన్నాయి. కానీ బోర్డు మీద రాసిన రేటుతో మాకు గొడవేం లేదు, నచ్చితే కొన్నాం, లేకపోతే పక్కకి నడిచాం. మమ్మల్ని ముంచింది బోర్డు మీద లేని రేటు. స్టాక్‌హోమ్‌లో మేం దిగిన అపార్ట్‌మెంట్‌ వాళ్ళు కప్పుకునే దుప్పటికి, తుడుచుకునే తువ్వాలుకి విడిగా డబ్బు గుంజారు. అసలు ఇదంతా రాయడానికి కూర్చున్నది ఆ మంట మీదే, కాబట్టి దాని దగ్గరికి వచ్చేసరికి కాస్త ఎక్కువ రాస్తాను, భరించండి.

వెళ్ళింది నలుగురం. నేను, మా ఆవిడ, వాళ్ళ అక్క అంటే మా వదిన, మా తోడల్లుడు. ఆయన్ని నేను అన్నయ్యగారు అంటాను. అన్నయ్యగారు ఇరిగేషన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యారు, ఏ కట్టడం దగ్గరికి తీసుకెళ్ళినా ముందు పునాది సంగతి అడుగుతారు. వదినకి కోడిగుడ్డు కూడా పడదు. వీసా కంటే ఇదే పెద్ద టెన్షన్.

వీసా గురించి క్లుప్తంగా. డెన్మార్క్, నార్వే, స్వీడన్ మూడింటికీ ఒకటే షెంగెన్ వీసా. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటామో ఆ దేశానికే అప్లై చెయ్యాలి, అన్నిచోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మాకు స్వీడన్ వచ్చింది. ఫీజు 90 యూరోలు, మేం కట్టినప్పుడు దాదాపు 8,900 రూపాయలు, సర్వీస్ ఛార్జీ దానికి అదనం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. విజయవాడలో ఒక ఏజెంటు "వేరే దేశం పేరు మీద వేద్దాం సార్, తేలిగ్గా వస్తుంది" అన్నాడు, దణ్ణం పెట్టి బయటికొచ్చాం. ఆయన చేతిలో పెట్టిన ప్రోగ్రాంలో ఓస్లో వైకింగ్ షిప్ మ్యూజియం కూడా ఉంది! అది 2022లోనే మూసేసి పెంచి కడుతున్నారు. ప్యాకేజీ కొనేవాళ్ళు ఈ ఒక్క లైను చూసుకుంటే ఆ ఏజెంటు ఎంత శ్రద్ధగా పనిచేస్తాడో తెలిసిపోతుంది.

ఏ ఊరు ముందు, ఏ ఊరు తర్వాత అన్నదానికి నా సలహా ఒకటే, కోపెన్‌హాగెన్‌లో దిగండి, అక్కణ్ణుంచి రాత్రి ఓడలో ఓస్లో, ఓస్లో నుంచి రైల్లో స్టాక్‌హోమ్, స్టాక్‌హోమ్ నుంచి ఇంటికి విమానం. దిగే ఊరు ఒకటి, తిరుగు విమానం ఎక్కే ఊరు ఇంకొకటి అయినా టికెట్ పెద్దగా పెరగదు, హైదరాబాద్ నుంచి తలకి 78,400 అయింది. మళ్ళీ మొదటి ఊరికే తిరిగి రావాలనుకుంటే ఒక రోజు, ఒక రైలు ఛార్జీ ఊరికే పోతాయి.

డబ్బు సంగతి. మూడు దేశాల్లోనూ క్రోనర్లే, కానీ ఒకదాని నోటు ఇంకోచోట చెల్లదు. ఈ మూడింటిలో ఎక్కడా యూరో సొంత డబ్బు కాదు. మేం వెళ్ళినప్పుడు డెన్మార్క్ క్రోనర్ 13 రూపాయలు, స్వీడన్‌ది 9, నార్వేది ఎనిమిదిన్నర. నగదు అస్సలు మార్చుకోకండి. స్వీడన్‌లో చాలాచోట్ల నోటు ఇస్తే తీసుకోరు, కార్డు ఆనించాల్సిందే. మిషను "రూపాయల్లో కట్టమంటారా, క్రోనర్లలోనా" అని అడిగితే కళ్ళు మూసుకుని క్రోనర్లు నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ళ ఇష్టమొచ్చిన మారకం రేటు వేస్తారు.

కోపెన్‌హాగెన్ హాయిగా గడిచింది. స్టేషన్ దగ్గర హోటల్, గదికి రాత్రికి 1,290 క్రోనర్లు, టిఫిను కలిపి. లిటిల్ మెర్‌మెయిడ్ బొమ్మ కోసం అంత దూరం నడిచి వెళ్తే మీటరుంపావు ఎత్తుంది, చుట్టూ నాలుగు బస్సుల జనం. వదిన "ఇంతేనా?" అని అడిగిన తీరుకి ఆ బొమ్మ నొచ్చుకుని ఉంటుంది. దానికి వెచ్చించే పూట రౌండ్ టవర్‌కి ఇవ్వండి. 1642లో పూర్తయిన గోపురం, లోపల చివర్లో కొన్ని తప్ప మెట్లుండవు, దాదాపు పైదాకా చుట్టూ తిరుగుతూ 209 మీటర్ల ఏటవాలు దారి. మోకాళ్ళ నొప్పులున్న మా ఆవిడ కూడా ఆగుతూ ఆగుతూ ఎక్కేసింది. 1716లో రష్యా జార్ పీటర్ గుర్రం మీద పైకి ఎక్కాడట. పార్లమెంటు ఉండే క్రిస్టియన్స్‌బోర్గ్ టవర్ కూడా ఎక్కండి, ఉచితం. ఒక్క జాగ్రత్త, సైకిళ్ళ దారిలో నిలబడి ఫొటోలు తీసుకోకండి. మా ఆవిడ నిలబడితే ఒకావిడ బెల్లు కొట్టి, తిట్టి, వెనక్కి తిరిగి మళ్ళీ తిట్టి వెళ్ళింది.

ఓడకి మాత్రం నూటికి నూరు. మధ్యాహ్నం బయల్దేరితే మర్నాడు పొద్దున్న ఓస్లోలో దింపుతుంది. కిటికీ లేని నలుగురి క్యాబిన్ 2,340 డేనిష్ క్రోనర్లు, అంటే తలకి ఏడు వేల ఆరొందలు, ఒక రాత్రి హోటలూ ప్రయాణమూ రెండూ అందులోనే. కిటికీ ఉన్న క్యాబిన్‌కి ఎక్కువ పెట్టకండి, ఎలాగూ డెక్ మీదే ఉంటారు. బఫే జోలికి పోకండి, శాకాహారులకి అసలు దండగ. మేం పులిహోర కలుపుకుని వెళ్ళాం. పొద్దున ఆరింటికే లేచి పైకి వెళ్తే రెండు పక్కలా కొండలు, ఎర్ర చెక్క ఇళ్ళున్న చిన్న చిన్న దీవులు, మధ్యలోంచి ఓడ మెల్లగా వెళ్తుంది. అన్నయ్యగారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా గంటసేపు చూస్తూ నిలబడ్డారంటే చూడండి. దిగేది సరిగ్గా ఆకెర్‌షూస్ కోట కింద, టాక్సీ అక్కర్లేదు.

దిగింది ఆదివారం. నార్వేలో ఆదివారం పెద్ద కిరాణా షాపులు తెరవరు, బుల్లి షాపులే దిక్కు. పెరుగు కోసం తిరగడంతోనే సగం పూట పోయింది. ఓడ శనివారం ఎక్కేవాళ్ళు పెరుగు, బ్రెడ్డు వెంట పెట్టుకోండి.

అందరూ భయపెట్టిన ఓస్లోలోనే మాకు ఖర్చు తక్కువ. హోటల్ గదికి 1,340 నార్వే క్రోనర్లు, టిఫిను కలిపి. ఆ టిఫిన్లో వదినకి గోధుమరంగు చీజ్ దొరికింది, పాలవిరుగుడు నీళ్ళు మరిగించి మరిగించి చేస్తారట, అచ్చం కాస్త ఉప్పు పడిన మన కోవాలా ఉంది. బ్రెడ్డు మీద పలచగా గీరుకుని పూటకి నాలుగు ముక్కలు లాగించింది. "ఇంటికి ఒక అరకిలో కొనండి" అని ఆర్డరు కూడా వేసింది. ఇక చూసేవి. ఒపేరా హౌస్ పైకప్పే నేల నుంచి ఏటవాలుగా లేచి ఉంటుంది, తెల్ల పాలరాతి మీద ఎంతసేపైనా తిరగొచ్చు, టికెట్ లేదు. ఎదురుగా 2020లో తెరిచిన డైక్‌మాన్ లైబ్రరీ, అదీ ఉచితమే, లోపల కూర్చోవచ్చు, మంచినీళ్ళు, శుభ్రమైన బాత్‌రూమ్. విగెలాండ్ పార్కులో రెండొందలకి పైగా శిల్పాలు, మధ్యలో ఒకే రాయి నుంచి చెక్కిన స్తంభం మీద 121 మంది మనుషులు ఒకరి మీద ఒకరు పాకుతూ ఉంటారు. అన్నయ్యగారు ఆ రాయి బరువెంత, ఎలా నిలబెట్టారని నన్నే అడిగారు! ఇదీ ఉచితమే, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. సిటీ బస్సు టికెట్‌తోనే టౌన్‌హాల్ రేవు నుంచి హోవెడోయా దీవికి పడవ ఎక్కొచ్చు, అక్కడ 1147లో కట్టడం మొదలైన మఠం శిథిలాలు, స్నానాల ఒడ్డు. నలుగురు మనుషులకి ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) క్రూయిజ్ టికెట్లు కొనబోయి రేటు చూసి మానేసి ఈ పడవ ఎక్కాం. డబ్బు పెట్టి చూడాల్సింది నేషనల్ మ్యూజియం, నార్వే చిత్రకారుడు మంక్ వేసిన 'స్క్రీమ్' 1893 నాటి రంగుల చిత్రం ఉన్నది అక్కడే. పేరు చూసి మంక్ మ్యూజియంకి వెళ్తే ఉండేవి దాని వేరే రూపాలు.

ఇప్పుడు దుప్పటి దగ్గరికి వద్దాం.

స్టాక్‌హోమ్‌లో రెండు గదుల హోటల్ కంటే వంటిల్లున్న అపార్ట్‌మెంట్ మేలనుకున్నాం. రాత్రికి 1,650 క్రోనర్లు, నలుగురికీ కలిపి. ఫొటోల్లో పరుపుల మీద తెల్ల దుప్పట్లు, మడిచిపెట్టిన తువ్వాళ్ళు. ఓస్లో నుంచి రైలు ఐదారు గంటలు, కార్ల్‌స్టాడ్ దాటుతుండగా ఓనరు నుంచి మెసేజ్. దుప్పట్లు, తువ్వాళ్ళు మనిషికి 195 క్రోనర్లు, ఖాళీ చేసేటప్పుడు శుభ్రం చేసే ఖర్చు 1,400, రెండూ ఇప్పుడే కట్టండి, కడితేనే తాళంచెవి పెట్టె కోడ్ పంపుతాం అని. అంతా కలిపి 2,180, మన డబ్బుల్లో 19,620. దుప్పట్లు మేమే తెచ్చుకుంటే? తెచ్చుకోవచ్చట, ఇక్కడ అందరూ తెచ్చుకుంటారట. ఆ దేశాల్లో హాస్టళ్ళలో, అద్దె ఇళ్ళలో ఆ అలవాటు ఉన్నమాట నిజమే, తర్వాత నేనూ కనుక్కున్నాను. అలవాటుంటే ఉండనీ, రేటు పక్కన రాసి చావొచ్చు కదా. రైల్లో కూర్చుని, సాయంత్రానికి తలదాచుకునే చోటు లేక, నోరు మూసుకుని కట్టాం. మా ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు, ఓనరు మీద కోపం పక్కన ఉన్న నా మీదే చూపించింది.

తాళంచెవి ఇంటి దగ్గర లేదు, రెండు వీధుల అవతల సైకిళ్ళ స్టాండు కమ్మీకి వేలాడుతున్న ఇనప డబ్బాలో ఉంది. ఇల్లు ఐదో అంతస్తు, లిఫ్టులో ఇద్దరు పట్టాలంటే సూట్‌కేసు బయటే ఉండాలి. బాత్‌రూమ్‌లో షవరుకి అడ్డు లేదు, స్నానం చేస్తే గదంతా నీళ్ళే. గోడకి రబ్బరు కర్ర, దాని పైన నాలుగు భాషల్లో కాగితం, స్నానం చేసినవాళ్ళే నేలంతా తుడవాలని. 1,400 పుచ్చుకున్నాక కూడా. డబుల్ కాట్ మీద రెండు విడివిడి సింగిల్ బొంతలు, అది అక్కడి పద్ధతే, బాగానే ఉంది, ఎవరి బొంత వాళ్ళది, లాక్కునే గొడవ లేదు. కిటికీలకి పలచటి తెరలు. జూన్‌లో రాత్రి పదింటికి సూర్యుడు పోయి, తెల్లవారుజామున మూడున్నరకే మళ్ళీ వచ్చేస్తాడు. కళ్ళకి కట్టుకునే గంతలు తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ మగ్గు కూడా, ఎందుకో చెప్పక్కర్లేదు.

అంతటితో అయిపోలేదు. ఖాళీ చేసిన మర్నాడు డిపాజిట్ లోంచి 900 క్రోనర్లు కోసి, వంటింటి గట్టు మీద పసుపు మరక అని ఫొటో పంపాడు. మా ఆవిడ మొదటి రోజు ఇంట్లో అడుగుపెట్టగానే గది గదీ వీడియో తీసింది, రైల్లో పుట్టిన అనుమానం అది. ఆ వీడియోలో ఆ మరక స్పష్టంగా ఉంది, మేం ఇంకా పసుపు డబ్బా మూత కూడా తీయకముందు. పంపితే మూడు వారాలకి 900 వెనక్కి వేశారు, సారీ అన్న ముక్క లేకుండా. దుప్పట్ల డబ్బు మాత్రం పోయిందే. మీరు బుక్ చేసేముందు "దుప్పట్లు, తువ్వాళ్ళు, శుభ్రం చేసే ఖర్చు ఈ రేటులో ఉన్నాయా" అని మెసేజ్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి.

ఊరు మాత్రం బంగారం, ఓనరు మీద కోపం ఊరి మీద చూపించను. వాసా మ్యూజియం ఒక్కటి చాలు. 1628లో రాజుగారు ముచ్చటపడి కట్టించిన యుద్ధనౌక, మొదటి ప్రయాణంలోనే రేవు దాటకముందే ఒరిగి మునిగిపోయింది. 1961లో పైకి తీశారు, ఇప్పుడు మొత్తం ఓడ కళ్ళ ముందు నిలబడి ఉంటుంది. పైన బరువెక్కువ, అడుగున రాళ్ళ బరువు చాలలేదు. బయల్దేరకముందు ముప్పై మందిని డెక్ మీద అటూ ఇటూ పరుగెత్తించి చూస్తే ఓడ ఊగిపోయిందట, పరీక్ష ఆపేశారు గానీ ప్రయాణం ఆపలేదు. విచారణలో ఎవరికీ శిక్ష పడలేదు. అన్నయ్యగారు అది రెండుసార్లు చదివి, "అయితే డిపార్ట్‌మెంట్ అన్నిచోట్లా ఒకటేనయ్యా" అన్నారు. ఆయన్ని అక్కణ్ణుంచి కదిలించేసరికి మ్యూజియం మూసే వేళయింది.

మెట్రోకి విడిగా పాస్ కొనకపోయినా ఫర్వాలేదు, కార్డు ఆనిస్తే చాలు, మేం వెళ్ళినప్పుడు 43 క్రోనర్లు, 75 నిమిషాలు చెల్లుతుంది. ఆ ఒక్క టికెట్ మీదే టి-సెంట్రాలెన్, కుంగ్స్‌ట్రేడ్‌గార్డెన్, సోల్నా సెంట్రుమ్ స్టేషన్లు చూసేయొచ్చు, కొండని తొలిచిన గుహలకి రంగులేసినట్టుంటాయి. తిండి మధ్యాహ్నమే గట్టిగా తినండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా పగలు పదకొండు నుంచి రెండింటి మధ్య లంచ్ రేటు వేరు, ఒక ఇండియన్ హోటల్లో 139కి అన్నం, పప్పు, కూర, సలాడ్, కాఫీ. అదే పప్పు రాత్రికి ఒక్కటే 165. సాయంత్రాలు ఫలాఫెల్ (శనగ వడలు) పెట్టి చుట్టిన రొట్టెలతో గడిచిపోతాయి. మిడ్‌సమ్మర్ ఈవ్, అంటే జూన్ 19-25 మధ్య వచ్చే శుక్రవారం, ఊరు ఊరంతా పల్లెలకి పోతుంది, షాపులు మూస్తారు. ఆ రోజు స్కాన్సెన్ అనే ఆరుబయటి మ్యూజియంకి వెళ్ళండి, పూలు చుట్టిన స్తంభం చుట్టూ పెద్దా చిన్నా కప్పల్లా గెంతుతారు. వదిన చీర కుచ్చిళ్ళు దోపుకుని వెళ్ళి వాళ్ళతో గెంతింది. వీడియో ఉంది, పెట్టొద్దని ఒట్టు వేయించుకుంది.

ఎయిర్‌పోర్టుకి ఎక్స్‌ప్రెస్ రైలు మనిషికి మూడొందల క్రోనర్ల పైనే. లోకల్ రైలెక్కినా ఎయిర్‌పోర్టు స్టేషన్ వాడినందుకు వేరే ఫీజు ఉంది. మెర్‌స్టా దాకా లోకల్ రైలు, అక్కణ్ణుంచి 583 నంబరు బస్సు పట్టుకుంటే అదే 43 క్రోనర్ల టికెట్, గంట పైన పడుతుంది. సామాను ఎక్కువున్నా మేం అలాగే వెళ్ళాం. అన్నీ కలిపి తలకి రెండు లక్షల పద్నాలుగు వేలు తేలింది. ఇందులో అన్నయ్యగారు కొన్న వాసా చెక్క నమూనా లెక్కలో లేదు, అది హ్యాండ్ బ్యాగేజీలో పట్టక వదిన ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.