లువార్ గట్టు మీద వారం రోజులు

ఆ గోడ కనిపించగానే సైకిల్ దిగేశాను. ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున చిన్న పల్లె అది. నది వైపున్న తెల్లరాతి గోడ మీద అడ్డగీతలు చెక్కి, ఒక్కో గీత పక్కన ఏడాది వేశారు: 1846, 1856, 1866. అన్నిటికంటే పైనున్న 1856 గీత నా తలకంటే ఎత్తులో ఉంది. మాది ధవళేశ్వరం దిగువన, గోదావరి గట్టు కింద ఊరు. 1986 వరదప్పుడు అమ్మ నన్ను చంకన వేసుకుని గట్టెక్కి, రెండు రాత్రులు అక్కడే గడిపింది. అందుకే ఆ గీతలు ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అప్పటిదాకా కోటల కోసం వచ్చాననుకున్నాను, ఆ తర్వాత నా చూపంతా నది మీదే.

చెల్లి పారిస్‌లో ఉద్యోగం చేస్తుంది. జూన్ మొదటి వారంలో తను సెలవు పెట్టింది. ఇద్దరం రైల్లో బ్లువా అనే ఊరు చేరి, అక్కడ సైకిళ్ళు అద్దెకు తీసుకుని, నది వెంబడి పడమరకు సోమ్యూర్ దాకా వెళ్ళాం. ఈ దారిని 'లువార్ ఆ వెలో' అంటారు. మొత్తం 900 కిలోమీటర్ల పైచిలుకు. మేము తొక్కింది అందులో చిన్న ముక్క. సుల్లీ నుంచి షాలోన్ వరకున్న లోయను 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మా ప్రయాణమంతా ఆ లోయలోనే.

సైకిల్ అద్దె గురించి ముందే చెప్పాలి, మా టెన్షనంతా అక్కడే. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలేసే సౌకర్యం ఉంది, కొంచెం ఎక్కువ తీసుకుంటారు. ఆ డబ్బు దండగ కాదు, తిరిగి అదే దారిన రావాల్సిన పని తప్పుతుంది. కాకపోతే మా చెల్లికి ఇచ్చిన సైకిల్‌కు గేరు జారేది. మేము కొట్టు ముందు రెండు చుట్లు తిరిగి సరే అనుకున్నాం, రెండో రోజు ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడింది. ఫోన్ చేస్తే వెనక్కి తెమ్మన్నారు. సగం రోజు పోయింది. తీసుకునేటప్పుడే పావుగంట తొక్కి, గేర్లన్నీ మార్చి, బ్రేకులు గట్టిగా పట్టి చూడండి. అదనపు ట్యూబు, పంపు అడిగి తీసుకోండి.

షాంబోర్ కోట బ్లువా నుంచి సైకిల్ మీద వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరం. అడవి మధ్య నుంచి దారి, కార్ల గోల లేదు. ఆ కోట చుట్టూ ఉన్న ప్రహరీ 32 కిలోమీటర్ల పొడవు! లోపల ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి వెళ్ళే రెండు మెట్ల వరసలు ఉన్నాయి. నేను ఒకటి, చెల్లి ఒకటి ఎక్కాం. మధ్యలో కిటికీల గుండా ఒకరికొకరం కనిపిస్తూనే ఉన్నాం కానీ పైదాకా ఎక్కడా కలవలేదు. 1519లో మొదటి ఫ్రాన్స్వా రాజు కట్టడం మొదలుపెట్టాడు. అంత కట్టించినవాడు అక్కడ ఉన్న రోజులన్నీ కలిపినా మూడు నెలలు కావు. అది ఆ గదుల్లో తెలిసిపోతుంది. పొయ్యిలు బోలెడు, కాపురం చేసిన ఛాయలు తక్కువ. నాకు మెట్లు, మిద్దె మీది గోపురాలు నచ్చాయి, మిగతా గదులు త్వరగా దాటేశాను. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేటప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నుంచి మోనాలిసాను, ఇంకా ఎన్నో చిత్రాలను తెచ్చి ఇక్కడే దాచారు.

మూడో రోజు సుమారు 45 కిలోమీటర్లు తొక్కి అంబువాజ్ చేరాం. ఇక్కడ లియొనార్డో డా విన్చీ చివరి మూడేళ్ళు ఉన్నాడు. ఫ్రాన్స్వా పిలిస్తే 1516లో వచ్చాడు, 1519 మే 2న క్లో ల్యూసే అనే ఇంట్లో పోయాడు. కోట ఆవరణలోని చిన్న గుడిలో ఆయన సమాధి ఉంది. ఆ ఇంట్లో జనం కిటకిటలాడుతున్నారు. నాకు మాత్రం కోట గోడ మీద నుంచి కింద నది, ఇసుక మేటలు, వంతెన చూస్తూ కూర్చున్న అరగంటే మిగిలింది.

మరుసటి రోజు షెనోన్సో. ఒక్క కోటే చూడగలిగితే ఏది అని అడిగితే ఇదే చెప్తాను. ఇది లువార్ మీద కాదు, దాని ఉపనది షేర్ మీద ఉంది. ఒడ్డున కాదు, నిజంగానే నది మీద! వంతెన కట్టి, దాని పైన 60 మీటర్ల పొడవైన హాలు కట్టారు. వంతెన దియాన్ ద పువాతియే కట్టించింది, పైన హాలు కాతరీన్ ద మెదిసీ కట్టించింది. ఒకరు ఫ్రాన్స్వా కొడుకు రెండో ఆన్రీ రాజు ప్రియురాలు, ఇంకొకరు ఆయన భార్య. రాజు పోగానే రాణి ఈ కోట లాక్కుంది. గైడ్లు అందరూ ఈ కథే చెప్తారు. నన్ను ఆపింది మాత్రం ఆ హాలు తర్వాతి కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ నల్ల తెల్ల గళ్ళ నేల మీద మంచాలు వేసి ఆసుపత్రి నడిపారు, రెండు వేల మందికి పైగా గాయపడ్డ సైనికులను చూసుకున్నారు. రెండో యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌కూ మిగతా ఫ్రాన్స్‌కూ మధ్య ఇక్కడ షేర్ నదే సరిహద్దు గీత. కోట ముఖద్వారం జర్మన్ల కింద ఉన్న వైపు, హాలు చివరి తలుపు అవతలి గట్టుకు. ఆ తలుపు గుండా మనుషులను దాటించారు. చివరిదాకా నడిచి, ఆ తలుపు దాటి అవతలి గట్టు మీద కాసేపు నిలబడి వచ్చాం. ఉదయం తెరిచే వేళకే వెళ్ళండి. పదకొండు దాటాక బస్సులు దిగుతాయి.

అప్పటికి చెల్లి అంది, "అక్కా, ఇలా కోటలు లెక్కపెట్టుకుంటూ పోతే సైకిల్ తొక్కేదెప్పుడు?" నిజమే. అప్పటి నుంచి రోజుకు ఒకే ఒక్క చోటు చూడాలని పెట్టుకున్నాం. తూర్ పెద్ద ఊరు, ఆగకుండా దాటేశాం. విలాండ్రిలో కోటలోకి వెళ్ళలేదు, తోట టికెట్ మాత్రమే కొన్నాం. 1906లో ఈ చోటు కొన్న హొయాకిమ్ కార్వాల్లో, ఆయన భార్య కలిసి పాతకాలపు పద్ధతిలో తోటలు మళ్ళీ వేశారు. కూరగాయల మడులు తొమ్మిది చతురస్రాలు. నీలం ఆకుల క్యాబేజీ వరసలు, బీట్‌రూట్, ఉల్లి, అన్నీ ముగ్గు పెట్టినంత పొందికగా. మా నాన్న చూస్తే రోజంతా అక్కడే ఉండేవాడు.

విలాండ్రి దాటాక అసలైన లువార్ కనిపిస్తుంది. జనం తగ్గుతారు. ఇసుక మేటల మీద తెల్లటి నదీ పక్షులు గుడ్లు పెడతాయి, అడుగు పలకగా ఉన్న చెక్క పడవలు ఒడ్డున కట్టేసి ఉంటాయి. నీళ్ళు పల్చగా ఉన్నాయని దిగకండి, కింద ఇసుక జారిపోతుంది, సుడులు ఉంటాయి. దక్షిణపు ఒడ్డున సైకిల్ దారి చాలావరకు ప్రశాంతం. ఉత్తరపు గట్టు మీద మాత్రం కార్ల రోడ్డు ఉంది, అటు వెళ్ళకపోవడం మంచిది. పడమరకు వెళ్ళేవాళ్ళకు ఎదురుగాలి తగులుతుంది. మాకు మధ్యాహ్నం నుంచి బాగా తగిలింది. మళ్ళీ వెళ్తే సోమ్యూర్ నుంచి మొదలుపెట్టి తూర్పుకు వస్తాను.

తిండి విషయం. మధ్యాహ్నం 12 నుంచి 2 లోపల తినకపోతే మళ్ళీ రాత్రి 7 దాకా పల్లెల్లో వంటిల్లు తెరవరు. సోమవారం చాలా హోటళ్ళు మూసి ఉంటాయి. పొద్దున్నే బేకరీలో రొట్టె, మేకపాల చీజ్ కొని సంచిలో పెట్టుకునేవాళ్ళం. సాంత్ మోర్ అనే చీజ్ ఇక్కడిదే, బూడిద పూసిన పొడుగాటి కడ్డీ, మధ్యలో గడ్డిపరక. శాకాహారులకు సోమ్యూర్ చుట్టుపక్కల ఒక వరం ఉంది: ఫువే. కట్టెల పొయ్యిలో పూరీలా పొంగే చిన్న రొట్టె. వేడిగా చీల్చి లోపల తెల్ల చిక్కుడుగింజల కూరో, పుట్టగొడుగులో పెట్టి ఇస్తారు. మేము కందిపొడి కూడా వేసుకున్నాం. అది తిన్నది కొండ తొలిచిన గుహలో. ఇక్కడి మెత్తటి తెల్లరాయిని తువ్వో అంటారు. కోటలకూ ఊళ్ళకూ దాన్ని తవ్వుకుపోతే మిగిలిన గుహల్లో ఇప్పుడు పుట్టగొడుగులు పెంచుతారు, హోటళ్ళు నడుపుతారు, కొందరు కాపురమూ ఉంటారు.

బసల్లో 'అకోయ్ వెలో' గుర్తు ఉన్నవాటినే చూసుకోండి. దారికి 5 కిలోమీటర్ల లోపు ఉంటాయి, సైకిల్‌కు తాళం వేసుకునే గది, రిపేరు సామాను ఇస్తారు. ఆ గుర్తు లేని ఒక చోట మా సైకిళ్ళు రాత్రంతా వీధిలో పెట్టుకోమన్నారు. నిద్ర పట్టలేదు. మాకు బాగా నచ్చింది మోన్సోరోలో ఒక ఇంటి గది. ఆ ఇంటి పెద్దావిడ పొద్దున్నే తన చెట్టు చెర్రీలు గిన్నెనిండా పెట్టింది.

పక్కనే కాంద్. వియెన్ నది వచ్చి లువార్‌లో కలిసే చోటు. 397లో తూర్ బిషప్ సెయింట్ మార్టిన్ ఇక్కడే పోయాడు. చర్చి వెనక నిటారు దారి ఎక్కితే రెండు నదులు రెండు రంగుల్లో కలవడం కనిపిస్తుంది. సైకిళ్ళు కింద వదిలి ఎక్కండి.

అక్కడి నుంచి కొండెక్కి ఫోంతెవ్రో మఠానికి వెళ్ళాం. 1963 దాకా జైలుగా ఉన్న చోటు అది. ఖాళీ చర్చిలో రంగు వెలసిన నాలుగు శిల్పాలు, మూడు రాతివి, ఒకటి చెక్కది, పడుకుని ఉన్నాయి. ఎలియనోర్ రాణి చేతిలో పుస్తకం తెరిచి ఉంది. పక్కన ఆమె భర్త, ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ. 12వ శతాబ్దంలో ఈ లువార్ గట్లు వేసి కాపాడేవాళ్ళకు రక్షణ ఇచ్చింది ఈయనే. మా ఊళ్ళ వాళ్ళం కాటన్ దొరకు దండ వేసేవాళ్ళం కదా, నేను కాసేపు ఆయన దగ్గరే నిలబడ్డాను.

సోమ్యూర్‌లో సైకిళ్ళు అప్పజెప్పేశాం. రైల్వే స్టేషన్ నదికి అవతల ఉంది. ఒక వంతెన దాటితే మధ్యలో లంక, ఇళ్ళూ వీధులూ ఉన్న లంక. ఆ తర్వాత ఇంకో వంతెన. రైలుకు ఇంకా టైముంది. లంకలో నది వైపు ఇళ్ళ గోడలు చూస్తూ నడిచాం. "అక్కా, ఇక్కడ కూడా ఉంటుందంటావా?" అంది చెల్లి. సంచులు కింద పెట్టి ఇద్దరం గీత కోసం వెతికాం.