కొమ్మ ముక్కలకి ఐబీఏనా, ఎన్ఏఏనా?

దానిమ్మ కటింగ్స్‌కి వేరు పట్టాలంటే ఏం ముంచాలి అని అడిగితే చాలామంది ప్లానోఫిక్స్ అనే చెప్తారు, ఎందుకంటే పురుగుమందుల షాపులో ఈజీగా దొరుకుతుంది. అందులో ఉండేది ఎన్ఏఏ (నాఫ్తలీన్ ఎసిటిక్ యాసిడ్), 4.5 శాతం, పూత పిందె రాలకుండా మామిడికీ మిరపకీ కొట్టేదే. వేర్లు పుట్టించదా అంటే పుట్టిస్తుంది. కానీ నా ఓటు ఐబీఏకే, అంటే ఇండోల్ బ్యుటైరిక్ యాసిడ్ అనే ఇంకో వేరు మందుకే.

రెండూ ఆక్సిన్లే, అంటే వేర్లు పుట్టించే రకం హార్మోన్లే, తేడా అంతా డోసు దగ్గరే. ఎన్ఏఏ ఘాటు, కాస్త ఎక్కువైందా ముక్క అడుగు నల్లబడిపోద్ది, పైన కళ్ళు విచ్చుకోవు, వేరొచ్చినా పొట్టిగా లావుగా ఉండిపోద్ది. ఐబీఏ అయితే కొంచెం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. దాంతో ఉన్న తలనొప్పి ఒకటే, పొడి నీళ్ళల్లో కరగదు. లీటరుకి 2 గ్రాములంటే 2000 పీపీఎం, ముందు అర లీటరు ఆల్కహాల్లో కరిగించి తర్వాత మిగతా అర లీటరు నీళ్ళు కలపాలి. పెన్సిల్ లావు ముదురు కొమ్మని కణుపు కిందగా కోసి 5 నుంచి 10 సెకన్లు ముంచి తీసి, ఆరాక గుచ్చడమే, రాత్రంతా నానబెట్టేశారంటే ఇంక అంతే.

ఇంకో మాట, దానిమ్మ ముక్క వేరు లేకుండానే చిగురేస్తుంది, కొమ్మలో దాచుకున్న తిండితో. అది చూసి పట్టేసిందని మురిసిపోయి పీకి నాటితే వారంలో వాడిపోద్ది. చిగురు తొందరగా రావాలని బీఏపీ కలిపేవాళ్ళూ ఉన్నారు, అది సైటోకైనిన్, అంటే చిగుళ్ళు పుట్టించే రకం హార్మోను, వేరుకి అడ్డం పడుతుంది. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలం మీద చూపించింది ఇదే కదా, ఆక్సిన్ పాళ్ళు ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ పాళ్ళు ఎక్కువైతే చిగుళ్ళు. కాడని సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోను కూడా వేరుకి పడదు.

జామ సంగతి వేరు. ముదురు కొమ్మ ముక్క ఓ పట్టాన వేరెయ్యదు, వానాకాలం మొదట్లో గుటీ కట్టడమే (కొమ్మని కొయ్యకుండా చెట్టు మీదే బెరడు తీసి, తడి నాచు చుట్టి వేరు పట్టించడం) నయం, అక్కడ కొమ్మ ఇంకా చెట్టునే ఉంటది కాబట్టి ఎన్ఏఏ వాడినా పర్లేదు. బెరడు ఉంగరంలా తీశాక మందు పై అంచుకే రాయండి, ఆకుల నుంచి దిగే ఆక్సిన్, తిండి ఆగేది అక్కడే, వేర్లు వచ్చేదీ అక్కడి నుంచే. మామిడికి మాత్రం ఈ రెండిట్లో ఏదీ కొనొద్దు, శుభ్రంగా అంటు కట్టుకోండి.