1964 ఎంజీబీ కొనేముందు: హెరిటేజ్ సర్టిఫికెట్ చెప్పినదీ, చెప్పనిదీ

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొంటున్నానని ఇంగ్లండ్‌లో ఎవరికి చెప్పినా ముందుగా వచ్చే సలహా ఒకటే: గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం నుంచి హెరిటేజ్ సర్టిఫికెట్ తెప్పించుకోమంటారు. వార్విక్‌షైర్‌లోని ఈ మ్యూజియం దగ్గర ఎంజీ, ఆస్టిన్, మోరిస్, ట్రయంఫ్ వంటి కంపెనీల ఫ్యాక్టరీ రికార్డులు భద్రంగా ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి రుసుము కడితే, ఆ బండి ఫ్యాక్టరీ గేటు దాటిన నాడు ఎలా ఉందో ఆ రికార్డుల్లోంచి తీసి పత్రంగా రాసిస్తారు. కోవెంట్రీలో ఉంటున్న నేను నిరుడు ఒక ఎంజీబీ (ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు) కొనేముందు, దాని యజమాని చేత దరఖాస్తు పెట్టించి, ఖర్చు నేనే పెట్టుకుని ఆ పత్రం తెప్పించాను. పెట్టిన డబ్బు దండగ కాలేదు. కానీ ఆ పత్రం ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే నిండా మునిగేవాణ్ని.

ఎంజీబీ అరుదైన కారేమీ కాదు. 1962 నుంచి 1980 వరకు అబింగ్డన్ ఫ్యాక్టరీలో, గట్టి పైకప్పు ఉన్న జీటీ మోడల్‌తో కలిపి, అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎక్కువ ధర పలికేవి మొదటి రెండు మూడేళ్ల బళ్లు. 1965 వసంతం దాకా వచ్చిన కార్లకు తలుపు బయట నొక్కే బటన్ ఉండదు, పట్టుకుని లాగే పిడి ఉంటుంది. 1964 అక్టోబరు దాకా వచ్చినవాటిలో 1,798 సీసీ ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసును మోసే మెయిన్ బేరింగులు మూడే, ఆ తర్వాతి వాటిలో అయిదు. ప్రకటనలో "1964 మోడల్, లాగే పిడులు, మ్యాచింగ్ నంబర్స్" (అంటే ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఇప్పటికీ ఉందని) కనబడగానే, వెల్ష్ సరిహద్దు దగ్గరున్న ఆ పల్లెకు శనివారం పొద్దున్నే బయలుదేరాను.

ముందు ఛాసిస్ నంబరు పలక చూడాలి. అది జీహెచ్ఎన్3 అని మొదలవుతుంది: జీ అంటే ఎంజీ, హెచ్ ఇంజిన్ పరిమాణపు తరగతి, ఎన్ రెండు సీట్ల ఓపెన్ కారు, 3 ఆ వరుసలో మూడోది. మొదటి రెండు అంకెలూ అంతకు ముందున్న ఎంజీఏకు వెళ్లిపోయాయి. 3 పక్కన ఎల్ అక్షరం ఉంటే ఆ బండి ఎడమవైపు స్టీరింగుతో పుట్టినదని అర్థం. ఎంజీబీలలో చాలా భాగం అమెరికాకు ఎగుమతయ్యాయి. వాటిని తిరిగి ఇంగ్లండ్‌కు తెచ్చి, స్టీరింగు కుడివైపుకు మార్చి అమ్మడం మామూలే. అందులో తప్పు లేదు, చెప్పకుండా అమ్మితేనే తప్పు. నేను చూసిన బండి పలక మీద ఎల్ లేదు.

తర్వాత ఇంజిన్ నంబరు. బ్లాకు కుడిపక్క చిన్న లోహపు పలక మీద 18జీఏ-యూ-హెచ్ అని, దాని తర్వాత అంకెలు ఉన్నాయి. 18జీఏ అంటే 1964 తొలి నెలల నుంచి అక్టోబరు దాకా వచ్చిన మూడు బేరింగుల ఇంజిన్. హెచ్ అంటే హై కంప్రెషన్. చూడ్డానికి అంతా సరిపోయింది. అయితే ఈ నంబరు ఇనుప బ్లాకులోనే చెక్కినది కాదు, రివెట్లతో బిగించిన పలక మీద ఉన్నది. రెండు రివెట్లు తీసి ఆ పలకను వేరే బ్లాకుకు బిగించడానికి పావుగంట చాలు. ఈ పలక రివెట్లు కొత్త నాణేల్లా తళతళలాడుతున్నాయి, చుట్టూ ఉన్న బ్లాకు మీద మాత్రం అరవై ఏళ్ల జిడ్డు.

అనుమానం తీర్చినది డ్యాష్‌బోర్డు. ఇంజిన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం మీటర్ ముల్లు సున్నా దగ్గరి నుంచి కదలలేదు. "కేబుల్ తెగింది, చవకే" అన్నాడు యజమాని. మూడు బేరింగుల ఇంజిన్‌తో వచ్చిన ఎంజీబీలో ఆ మీటర్ ఇంజిన్ నుంచి వచ్చే కేబుల్‌తోనే తిరుగుతుంది, నిజమే. అయిదు బేరింగుల 18జీబీ ఇంజిన్ రాగానే కంపెనీ ఆ ఏర్పాటు తీసేసి ఎలక్ట్రానిక్ మీటర్ పెట్టింది. టార్చి పట్టుకుని వంగి చూస్తే తెగిన కేబుల్ లేదు సరికదా, కేబుల్ బిగించే చోటు కూడా ఆ ఇంజిన్‌కు లేదు. మీటరూ పాతదే, పలకా పాతదే, మధ్యలో ఉన్న ఇంజిన్ మాత్రం తర్వాతి కాలంది.

రంగు సంగతి ఇంతకంటే తేలిగ్గా బయటపడింది. ఈ కార్లలో ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు సీట్ల వెనక, కిందికి దిగేసి ఉంటాయి. కారంతా టార్టన్ రెడ్‌తో నిగనిగలాడుతోంది కానీ, బ్యాటరీల మూత ఎత్తితే దాని అంచు కింద లేత నీలం కనిపించింది. డ్యాష్‌బోర్డు వెనకా అదే నీలం. రంగు మార్చేవాళ్లు ఇంజిన్ బే వరకు శ్రద్ధగా కొడతారు. చెయ్యి దూరని చోట్ల మాత్రం పాత రంగును అలాగే వదిలేస్తారు.

మూడు వారాలకు సర్టిఫికెట్ వచ్చింది. రంగు ఐరిస్ బ్లూ అని, బండి ఇంగ్లండ్‌లోనే అమ్మకానికి వెళ్లిందని, తయారైన తేదీ ఫలానా అని స్పష్టంగా రాసి ఉంది. ఇంజిన్ నంబరు పలక మీది నంబరుతో అక్షరం పొల్లుపోకుండా కలిసింది. కాబట్టి కాగితం ప్రకారం ఇది మ్యాచింగ్ నంబర్స్ కారే. ఇందులో మ్యూజియం పొరపాటు ఇసుమంతైనా లేదు: 1964లో ఆ కారుకు ఏ ఇంజిన్ బిగించారో అది చెబుతుంది, ఈ రోజు బానెట్ కింద ఏముందో దానికెలా తెలుస్తుంది? బండిని ముందుగా నా కళ్లతో చదవకపోయి ఉంటే, ఈ నిజాయితీ గల పత్రమే నన్ను మోసం చేయడానికి పనికొచ్చేది.

బాడీ విషయంలో పత్రం చేయగలిగింది ఇంకా తక్కువ. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. తలుపుల కింది సిల్స్ అనే భాగాలే బండి బరువు మోస్తాయి. లోపలి రేకు, మధ్య రేకు, బయటి రేకు అని వాటికి పొరలుంటాయి, తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బయటి రేకు ఒక్కటే మార్చి లప్పం పూసి రంగు కొట్టిన టింకరింగ్ పని పైన పటారం, లోన లొటారం. మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని సిల్ పొడవునా జరిపితే లప్పం ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. అంచుల్లో ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగు వదిలిన గుండ్రటి చిన్న గుంటలు వరసగా కనబడితే మంచిది. అతుకు పొడవునా ఉబ్బెత్తుగా గీత ఉంటే ఆ పని తర్వాత జరిగినదని అనుకోవచ్చు. నేను చూసిన బండి ఇందులో నెగ్గింది. అన్నట్టు, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త ఎంజీబీ బాడీలు తయారుచేస్తోంది. అలాంటి బాడీ వేసిన కారు గట్టిగా ఉంటుంది, అలాగని అది 1964 బాడీ కాదు. బిల్లు చూపించమని అడగడం కొనేవారి హక్కు.

డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టడం, బాడీకి కలిపిన బ్యాటరీ పాజిటివ్ కొసను (పాజిటివ్ ఎర్త్) తీసి నెగటివ్ కొసను కలపడం వంటివాటిని నేను లోపాలుగా లెక్కపెట్టను; వాటిని ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు. రోజూ నడపడానికి అయిదు బేరింగుల ఇంజినే గట్టిదని కూడా ఒప్పుకుంటాను. నా పేచీ ఇంజిన్‌తో కాదు, పాత పలక పెట్టి అడిగిన ధరతో. కాగితం, మీటర్, రివెట్లు మూడూ ముందు పెట్టి మాట్లాడితే యజమాని కాసేపు బిగుసుకుని, చివరికి అయిదో వంతు తగ్గించాడు. ఆ ధరకు కొన్నాను.

1965కు ముందు పుట్టిన ఎంజీబీ కొనేవారు ఈ సర్టిఫికెట్ తప్పక తెప్పించుకోవాలి, అయితే బండిని గంటసేపు తడిమి చూశాకే. 1974 శరదృతువు తర్వాత వచ్చిన నల్ల రబ్బరు బంపర్ల కార్లకైతే నేను దీనికి డబ్బు పెట్టను. వాటి ధర నంబర్లను బట్టి కాక సిల్స్‌ను బట్టి తేలుతుంది. ఆ డబ్బుతో లిఫ్ట్ ఉన్న వర్క్‌షాపులో ఒక పూట బండిని పైకెత్తించి కిందినుంచి చూడటం మేలు.