ఫ్లోరైడ్ ఊళ్లలో కేస్‌వర్కా, రాడికల్ సోషల్ వర్కా: ఏది మేలు?

సోషల్ వర్క్ చదివి, నల్గొండ జిల్లాలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగిపోయే మునుగోడు, మర్రిగూడ వైపు క్షేత్రపనికి వచ్చిన విద్యార్థికి మొదటి వారంలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. నడుము వంగిపోయిన మనిషికి పింఛను ఇప్పించాలా, లేక ఆ నడుమును వంచిన నీళ్ల సంగతి అడగాలా?

మొదటిది కేస్‌వర్క్ దారి. 1917 నాటికే అమెరికా సంఘసేవకురాలు మేరీ రిచ్‌మండ్ దానికి శాస్త్రరూపం ఇచ్చారు: ఒక మనిషి, ఒక కుటుంబం, ఒక ఫైలు. ఇక్కడ అది వైకల్యం ఎంత శాతమో తేల్చి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంతో మొదలై పింఛనుతో ముగుస్తుంది. అలాంటి శిబిరంలో ఒకసారి వరుసలో కూర్చున్న పెద్దాయనను పేరుపెట్టి పిలిస్తే, మెడ తిరగదు గనుక కర్ర ఆనించి ఒళ్లంతా తిప్పి చూశాడు. అంతలో ఆయన రాలేదనుకొని తరువాతి పేరు పిలిచారు. పక్కన ఉండి "ఇక్కడే ఉన్నడు సార్" అని చెప్పే మనిషి విలువ ఎంతో అప్పుడు తెలిసింది. అయితే వైకల్యం 40 శాతానికి కాస్త తగ్గినా అంతే నొప్పితో ఉత్త చేతులతో తిరిగివెళ్లాలి, ఆ గీత ఎవరు గీశారని అడగడం కేస్‌వర్కర్ పనిలో లేదు.

రెండోది 1970 దశకంలో బ్రిటన్‌లో బలపడిన రాడికల్ సోషల్ వర్క్. 1970లో వెలువడిన 'కేస్ కాన్' పత్రిక, 1975లో బెయిలీ, బ్రేక్‌ల 'రాడికల్ సోషల్ వర్క్' వ్యాస సంకలనం ఆ ధోరణికి గొంతునిచ్చాయి. పేదరికం మనిషి లోపం కాదనీ, సంక్షేమంలో ఆదరణతో పాటు అదుపు కూడా ఉంటుందనీ, సేవ పొందేవారు లబ్ధిదారులు కాక పోరాటంలో తోటివారనీ దాని వాదం. నల్గొండకు ఈ చూపు బాగా అతుకుతుంది. ఫ్లోరైడ్ రాతిలోంచి వచ్చినా, ఎవరు ఏ నీళ్లు తాగాలో రాయి తేల్చలేదు. సాగర్ ఆనకట్ట ఇదే జిల్లాలో ఉండగా, ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ పొలాలకు పారాయి. మెట్ట ఊళ్లకు మాత్రం బోరు నీళ్లే మిగిలాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి లోకమంతా నల్గొండ పేరు పెట్టుకోవడం వేరే విడ్డూరం. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి నీళ్ల గోసను దేశం ముందు పెట్టారు. అది ఒక్కొక్క ఫైలుతో జరిగే పని కాదు.

కానీ ఈ సిద్ధాంతం పుట్టిన చోట ప్రభుత్వం ఇంటింటికీ చేరి అతిగా జోక్యం చేసుకోవడమే సమస్య; మన తండాల్లో అది అసలు రాకపోవడమే సమస్య. ఇంకో చిక్కు పాలమూరు వలసల్లో కనిపిస్తుంది. కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని వెళ్లిన కుటుంబం తరఫున 1976 నాటి వెట్టిచాకిరి నిషేధ చట్టం కింద ఫిర్యాదు చేయడం న్యాయమే, అయితే ఆ తరువాతి ఏడు వాళ్లకు అడ్వాన్సు పుట్టకపోతే పస్తులుండేది వాళ్లే గాని, హైదరాబాదుకు తిరిగివెళ్లే కార్యకర్త కాదు. ఆ ధర ముందుగా వాళ్లకు చెప్పకుండా చేసే రాడికల్ పనిని నేను ఒప్పుకోను.

కాబట్టి రెండింటినీ సమంగా తూచబోను. ఇంకా నడుము వంగని పిల్లల విషయంలో రాడికల్ దారే మేలు, ఎందుకంటే వాళ్లను కాపాడేది మంచినీళ్లే గాని ధ్రువపత్రం కాదు. ఎముకలు గట్టిపడిపోయినవారికి కేస్‌వర్క్ ముందు. ఆ ఫైళ్లనైనా ఒక్కొక్కటిగా కాక ఊరంతటివీ కలిపి, ఉపాధి హామీ సామాజిక తనిఖీలో మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదివినట్టు గ్రామసభలో పైకి చదివి ఇస్తే, ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగిందో అందరికీ తెలుస్తుంది. కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చాక కూడా పాత వంపు తిరిగి సరికాదు గనుక, పోరాటం గెలిచిన ఊళ్లో సైతం శిబిరం రోజున ఆ పెద్దాయన పక్కన ఒకరు కూర్చోవలసిందే.