వారం రోజుల టోర్నీయా, సీజనంతా చూపా: కుర్ర రగ్బీ ఆటగాళ్లను ఎంచడానికి ఏది మేలు?

పోయిన చలికాలం ఒక స్కూళ్ల టోర్నీలో, మైదానం అంచున నా పక్కనే, క్లబ్బుల కోసం కుర్రాళ్లను వెతికే స్కౌట్లు ఇద్దరు నిలబడ్డారు. పదహారేళ్లకే ఆరడుగులు దాటిన వింగర్ (మైదానం అంచున ఆడేవాడు) ఒకడు బంతి అందుకుని 60 మీటర్లు పరుగెత్తి ట్రై చేశాడు, అంటే అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించాడు. ఇద్దరి పెన్నులూ కదిలాయి. వాళ్లు రాసుకుంటున్నప్పుడు నా చూపంతా అవతలి జట్టులో అందరికంటే వెనక కాపుకాసే ఫుల్‌బ్యాక్ మీద ఉంది. సన్నటి పిల్లవాడు. వింగర్‌ను అందుకోలేనని తెలిసి కూడా వాణ్ని లోపలికి రానివ్వకుండా మూలవైపు తరుముకుంటూ పోయాడు. దాంతో ఆ వింగర్ గోల్‌పోస్టుల కిందికి రాలేక మైదానం మూలనే బంతిని నేలకు ఆనించాడు. ట్రై తర్వాత మరో 2 పాయింట్ల కోసం, బంతి ఆనించిన చోటికి ఎదురుగా నిలబడి కొట్టే కన్వర్షన్ కిక్ అంత పక్కనుంచి గురి తప్పింది. ట్రైకి 4 పాయింట్లు పోయినా ఆ పిల్లవాడు తన జట్టుకు 2 పాయింట్లు మిగిల్చాడు. ఆ సంగతి ఎవరి పుస్తకంలోకీ ఎక్కలేదు.

మంచి కుర్రాళ్లను ఎక్కడ వెతకాలి? వారంలో ముగిసే స్కూళ్ల టోర్నీలోనా, సీజనంతా నడిచే క్లబ్బు పోటీల్లోనా? ఆస్ట్రేలియాలో ఇది పిల్లల బతుకుల్ని మలుపు తిప్పే ప్రశ్న. పదిహేను, పదహారేళ్లకే క్లబ్బులు కబురు పెడతాయి, ఇంటికి దూరంగా రమ్మంటాయి. నేనుండేది సిడ్నీ పడమటి శివార్లలో, మా వాడూ ఈ ఆటే ఆడతాడు. అందుకే దీని గురించి ఇంతగా ఆలోచిస్తున్నాను.

కబడ్డీ చూసి పెరిగిన కళ్లకు రగ్బీ లీగ్ త్వరగానే పట్టుబడుతుంది. జట్టుకు 13 మంది. బంతి ఉన్నవాణ్ని పట్టి ఆపడమే ట్యాకిల్. అలాంటి 6 ట్యాకిళ్లు పూర్తయ్యేలోపు బంతిని ఎంత ముందుకు మోసుకెళ్తే అంత మంచిది. ప్రతి ట్యాకిల్ తర్వాతా రక్షణ జట్టు 10 మీటర్లు వెనక్కి వెళ్లి మళ్లీ వరస కట్టాలి. ఈ చివరి నియమాన్ని గుర్తుంచుకోండి, దీని అవసరం మళ్లీ వస్తుంది.

ముందుగా టోర్నీకి దక్కాల్సిన మెప్పు దానికి ఇవ్వాలి. ఏటా జరిగే జాతీయ స్కూళ్ల పోటీలకు న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ బడుల జట్టు, కేథలిక్ కళాశాలల జట్టు, క్వీన్స్‌లాండ్ జట్టు, ఇంకా ఇతర రాష్ట్రాల జట్లు వస్తాయి. అక్కడి ఆటను బట్టే ఆస్ట్రేలియా స్కూలు జట్టును ఎంపిక చేస్తారు. 1972లో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లిన తొలి జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా తిరిగొచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లో స్కూళ్ల ప్రధాన పోటీకి ఇప్పుడు పీటర్ ముల్‌హాలండ్ పేరు పెట్టారు. ఆయన స్కూలు జట్ల కోచ్‌గా మొదలై, తర్వాత పెద్ద క్లబ్బులకు కుర్రాళ్లను వెతికిపెట్టడమే వృత్తిగా చేసుకున్నారు. బడి ఆటకూ క్లబ్బు ఆటకూ ఉన్న బంధం ఎంత గట్టిదో చెప్పడానికి ఆ పేరొక్కటి చాలు.

టోర్నీలో ఇంకో మేలుంది, నాకు అదే ముఖ్యంగా కనిపిస్తుంది. కొద్ది రోజుల్లోనే వరసగా మ్యాచ్‌లు. మూడో మ్యాచ్ నాటికి కాళ్లు బరువెక్కుతాయి. మొదటి రోజు అందరూ పరుగెత్తుతారు. కాళ్లు లాగుతున్న రోజున, ట్యాకిల్ చేసి లేచి ఆ 10 మీటర్లూ ఎవరు వెనక్కి పరుగెత్తుతున్నారో, ఎవరు నడుస్తున్నారో చూడాలి. పైగా జట్టులో సగం మంది కొత్తవాళ్లే. పేరు కూడా సరిగా తెలియని వాడికి చేత్తో చూపిస్తూ, అరుస్తూ వరస సరిచేసే కుర్రాడు కనిపిస్తే ఆ పేరు రాసుకోవాల్సిందే.

ఇక దాని లోపాలు చిన్నవి కావు. జనవరి 1న పుట్టినవాడూ, డిసెంబరు 31న పుట్టినవాడూ ఒకే వయసు జట్టులో ఆడతారు. పదిహేనేళ్ల వయసులో ఏడాది తేడా అంటే ఎముకలో, కండలో, బరువులో ఎంత తేడానో పిల్లల్ని పెంచిన ఎవరినడిగినా చెబుతారు. ముందే ఎదిగినవాడు ఆ వారమంతా కొండలా కనిపిస్తాడు. మూడేళ్లు గడిచి అందరూ వాడి ఎత్తుకు వచ్చేసరికి, బలం తప్ప మరొకటి నేర్చుకోని వాడికి చేతిలో ఏమీ మిగలదు.

ఎత్తు చూసి ఎంచితే ఎవరు చేజారుతారో జోనాథన్ థర్స్టన్ కథ చెబుతుంది. టూవూంబాలోని సెయింట్ మేరీస్‌లో చదివిన ఈ సన్నటి కుర్రాణ్ని చిన్నవాడని చాలా క్లబ్బులు పక్కనపెట్టాయి. చివరికి కాంటర్బరీ బుల్‌డాగ్స్ చేర్చుకుంది. 2002లో ఇక్కడి అత్యున్నత రగ్బీ లీగ్ పోటీ అయిన ఎన్‌ఆర్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. ఏడాదిలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎం పతకాన్ని నాలుగుసార్లు గెలుచుకున్నాడు. 2015 ఫైనల్ అదనపు సమయంలో అతని బూటు నుంచి లేచిన ఒక్క పాయింటు కిక్‌తోనే నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ తొలిసారి విజేత అయింది. వదులుకున్న క్లబ్బులు ఎత్తునూ బరువునూ చూశాయి. బంతి వచ్చేలోపే మైదానాన్ని చదివేసే ఆ కళ్లను చూడలేదు.

క్లబ్బు దారి వేరు. సిడ్నీ చుట్టుపక్కల 17 ఏళ్లలోపు వారికి హారొల్డ్ మాథ్యూస్ కప్, 19 ఏళ్లలోపు వారికి ఎస్‌జీ బాల్ కప్ వారం వారం జరుగుతాయి. అదే పిల్లవాణ్ని ఎండలోనూ వానలోనూ, గెలిచిన రోజూ చిత్తుగా ఓడిన రోజూ చూడవచ్చు. సిడ్నీ పడమటి క్లబ్బు పెన్‌రిత్ పాంథర్స్ 2021 నుంచి 2024 వరకు ఎన్‌ఆర్‌ఎల్‌ను వరసగా నాలుగుసార్లు గెలిచింది. ఆ జట్టుకు వెన్నెముకగా నిలిచిన జరోమ్ లువాయ్, బ్రయన్ టోవో అదే పడమటి సిడ్నీలోని మౌంట్ డ్రూయిట్ ప్రాంతం పిల్లలు. క్లబ్బు కళ్లముందే పెరిగినవాళ్లు. ఏళ్ల తరబడి చూస్తే తప్ప అలాంటి నమ్మకం కుదరదు.

అయితే ఆ దారి కూడా అందరినీ పట్టుకోదు. బిల్లీ స్లేటర్ ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని ఇన్నిస్‌ఫెయిల్ కుర్రాడు. బడి అయ్యాక సిడ్నీలో పందెపు గుర్రాల శాలలో పనిచేశాడు. ఆ తర్వాత బ్రిస్బేన్ వెళ్లి నార్త్స్ డెవిల్స్ క్లబ్బులో అవకాశం అడిగాడు. 2003లో మెల్‌బోర్న్ స్టార్మ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడి, 319 మ్యాచ్‌లు ఆ ఒక్క క్లబ్బుకే ఆడాడు. మారుమూల ఊళ్ల పిల్లలకు టోర్నీయే కిటికీ అని వాదించేవారి మాటలో నిజముంది. నేనూ ఒప్పుకుంటాను.

వీడియోలు, వీపున కట్టే జీపీఎస్ పరికరాలు మూడో దారి. ఎంత దూరం పరుగెత్తాడో అవి చెబుతాయి, ఎందుకు పరుగెత్తాడో చెప్పలేవు.

నన్ను టోర్నీకి వ్యతిరేకంగా నిలబెట్టేది మాత్రం వేరే విషయం. పంతొమ్మిదేళ్లలోపు వారి తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే, దేహాలు ఢీకొనే పోటీలోకి కనీసం 21 రోజుల దాకా తిరిగి పంపవద్దని ఇక్కడి మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారం రోజుల టోర్నీలో 21 రోజులంటే ఆట మొత్తం పోయినట్టే. స్కౌట్లు చూస్తున్నారని తెలిసిన పదహారేళ్లవాడు తల తిరుగుతోందని నోరు విప్పి చెబుతాడా? తల విదిలించుకుని, బాగానే ఉన్నానని బొటనవేలు ఎత్తి చూపించిన పిల్లవాణ్ని నేను కళ్లారా చూశాను. ఒక్క వారం మీద భవిష్యత్తంతా వేలాడదీస్తే పిల్లలు దెబ్బలు దాచుకుంటారు. సీజనంతా చూసేవాళ్లుంటే మూడు వారాలు పక్కన కూర్చోవడానికి అంత భయపడరు.

కాబట్టి నా ఓటు సీజనంతా చూడటానికే. టోర్నీ పేర్లు రాసుకోవడానికి పనికొస్తుంది, సంతకాలు పెట్టించుకోవడానికి కాదు. అక్కడ రాసుకున్న ప్రతి పేరునూ కనీసం మరో రెండుసార్లు, అందులో ఒకసారి వాడి జట్టు ఓడిపోతున్నప్పుడు చూడాలి. మారుమూల ఊరి పిల్లవాడైతే ప్రయాణ ఖర్చు క్లబ్బే భరించాలి. బోర్డింగ్ స్కూలు, ఉపకార వేతనం అంటూ ఎవరైనా వస్తే, మా వాడి ఆట ఎన్నిసార్లు చూశారని తల్లిదండ్రులు ముందుగా అడగాలి. ఒక్కసారే అంటే తొందరపడి ఒప్పుకోవద్దు.

ఆ సన్నటి ఫుల్‌బ్యాక్ ఈ ఏడాది మా పక్క పేట జట్టుకు ఆడుతున్నాడు. రెండంగుళాలు పెరిగాడు, మాట ఇంకా గట్టిపడింది. వీలైన శనివారమల్లా వెళ్లి చూస్తున్నాను. ఆనాటి స్కౌట్లలో ఒకాయన కూడా ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. పోయిన వారం వాన కురుస్తుంటే గొడుగు కింద నిలబడి, బంతి ఎటున్నా చూపు మాత్రం ఆ పిల్లవాడి మీదే ఉంచాడు.